చెరువుకట్ట మీద ఋతుచక్రము

ఋతువులు ఆరు అని మనమందరమును చిన్ననాడు బడిలో వల్లించితిమి. చైత్ర వైశాఖములు వసంతమనియు, జ్యేష్ఠాషాఢములు గ్రీష్మమనియు వరుస తప్పక చెప్పగలము. కాని "ఈ ఏడు మీ ఊర వసంతము ఏనాడు వచ్చినది?" అని యెవరైన అడిగినచో జవాబు చెప్పగలవారు అరుదు. పంచాంగము చూచి ఉగాది తేదిని చెప్పుదుము. వేప ఏనాడు పూసినదో చెప్పలేము. ఎండ ముదిరినదని చెమటను బట్టియు, చలి వచ్చినదని దుప్పటిని బట్టియు తెలిసికొనుచున్నాము. నడుమ కలుగు మార్పులన్నియు మన కన్నుల యెదుటనే జరిగిపోవును. మనము మాత్రము వానిని గమనింపము.

ఇది మన చూపులోని లోపము కాదు. మనము ఒకచోట నిలువము. నేడు ఒక వీధిలో ఒక చెట్టును, రేపు మరియొక ఊర మరియొక చెట్టును చూచుచుందుము. ఈ చెట్టు చిగిర్చినది, ఆ చెట్టు ఎండినది అని తోచును గాని, మొన్న మోడైన చెట్టే నేడు చిగిర్చినదను సంగతి మనస్సునకు పట్టదు. మార్పును కొలుచుటకు మారనిది ఒకటి కావలెను. కనుక ఋతువులను తెలిసికొనగోరువారు చేయవలసిన మొదటి పని దేశాటనము కాదు. తమ ఊరనే ఒక చోటు ఏర్పరచుకొని, వారమున కొకమారైనను ఒకే వేళకు అచ్చట నిలుచుట. ఆ చోటినుండి ఏమేమి చూడవచ్చునో, చూచినదానిని ఎట్లు వ్రాసికొనవలెనో, అందువలన ఒనగూడు ప్రయోజనమేమో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మేము ఎన్నుకొన్న చోటు నల్లగొండ, ఖమ్మము ప్రాంతముల మెట్టనేలలలోని ఒక ఊరిచెరువు కట్ట. అది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు సమీపమున నున్నది. అచ్చటి నేల తూర్పునకు వాలుగా నుండుటచే కట్టను తూర్పువైపున పోసిరి. కట్టమీద తూమునొద్ద నిలిచినచో పడమట నీరు, తూర్పున ఆయకట్టు పొలములు, పొలముల కావల తాళ్ళవరుస కనబడును. కట్ట దిగువను ఒక వేప, ఒక రావి, ఒక కానుగ. శిఖము అంచున తుమ్మలు, ఈతచెట్లు. ఇంతకు మించి విశేషమేమియు లేదు. ఇట్టి కట్టలు తెలుగునాట వేలకొలది గలవు. చెరువు లేని ఊర బావిగట్టు చాలును. పట్టణమున మేడమీది పిట్టగోడ చాలును. కొంత ఆకాశము, ఒక చెట్టు, ఒక జానెడు నేల కనబడినంతనే పని మొదలిడవచ్చును.

మొదట సూర్యుని సంగతి చెప్పుదుము. సూర్యుడు తూర్పున ఉదయించునని యందుము గాని, సరిగా తూర్పున ఉదయించుట సంవత్సరమున రెండుమారులే. మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతములందు. తక్కిన దినములలో ఉదయస్థానము ఉత్తరమునకో దక్షిణమునకో జరుగుచుండును. చేయి చాచి పిడికిలి బిగించి చూచినచో ఆ పిడికిలి వెడల్పు ఆకాశమున సుమారు 10 డిగ్రీలను కప్పును. మా కట్టమీదినుండి చూడగా, జూన్ 21 నాడు సూర్యుడు నడితూర్పునకు రెండున్నర పిడికిళ్ళు ఉత్తరముగను, డిసెంబరు 22 నాడు అంతే దక్షిణముగను పొడుచును. అనగా ఆరుమాసములలో ఐదు పిడికిళ్ళ దూరము నడచుచున్నాడన్నమాట. తాళ్ళవరుసలో ఏనాడు ఏ తాడి వెనుకనుండి పొడిచెనో గుర్తు పెట్టుకొనుడు. అదియే మీ పంచాంగము. దానికి అచ్చుతప్పులు లేవు.

ఈ నడక సమముగా సాగదు. మార్చి, సెప్టెంబరు నెలలలో వారము గడచునప్పటికి ఉదయస్థానము మూడు డిగ్రీలు జరుగును. జూన్, డిసెంబరు నెలల చివరి పక్షములలో వారమంతయు ఒకే తాడి వెనుక పొడుచునట్లు తోచును. మంచి వేసవినుండి వానకు, కటిక చలినుండి ఎండకు మారునప్పుడు పగటిపొడవు నిలిచియుండుటయు, వసంత శరత్తులలో త్వరగా మారుటయు ఇందువలననే. మా అక్షాంశమున మిక్కిలి దీర్ఘమైన పగటికిని, మిక్కిలి హ్రస్వమైన పగటికిని గల భేదము రెండు గంటలు.

మిట్టమధ్యాహ్నపు నీడ మరియొక సాక్షి. తూము రాతికంబము నీడ చలికాలమున ఉత్తరమునకు చాచుకొనియుండును. ఎండలు ముదిరిన కొలది కురుచయై, మే రెండవ వారమున ఒకనాడు కంబము మొదటనే అణగిపోవును. అది సూర్యుడు నడినెత్తిన నిలుచు దినము. ఆ పిమ్మట నీడ దక్షిణమునకు తిరుగును. ఆగస్టు మొదటి వారమున మరల ఒకమారు మాయమై, తిరిగి ఉత్తరమునకు మరలును. నీడ దక్షిణమునకు పడు కాలము మా అక్షాంశమున మూడు నెలలకు లోబడియే యుండునని ఎందరో యెరుగరు. ఒక కంబమును కనిపెట్టియుండిన బాలునకు ఇది పాఠము చెప్పకయే తెలియును.

ఇక నేలమీదికి దిగుదము. మాఘమాసమున మొదలిడుట మంచిది. ఏలయన, అప్పుడు చెట్టు తన పాతలెక్కను ముగించుచుండును. శివరాత్రికి చలి 'శివశివా' యని పోవునని సామెత. ఆ నాటికి బూరుగు, మోదుగు ఆకులన్నియు రాల్చి, ఆకులేని కొమ్మలనే ఎఱ్ఱని పూలతో నింపును. ఆకు లేనప్పుడు పూయుటలో ఒక ఉపాయమున్నది: పూవు దూరమునకు కనబడును, తేనెకై వచ్చు పక్షులకు అడ్డు తగులదు. మైనాలు, కాకులు, జీనువాయిలు ఆ పూలలో తలలు దూర్చి పుప్పొడి పూసికొని ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు మోయును. మామిడి పూత అంతకు ముందే వచ్చియుండును. అప్పుడు దట్టమైన మంచు పట్టినచో పూత మాడి రాలునని రైతులు భయపడుదురు.

వెనువెంటనే రావి చిగురు. రావి పాత ఆకు రాలిన కొలదిదినములకే రాగివన్నె చిగురు వేయును. చిగురు ఎఱ్ఱగా నుండుటకు కారణము లేతాకులో పచ్చదనమునకు ముందే చేరిన ఎఱ్ఱని వర్ణద్రవ్యము. తీక్ష్ణమైన ఎండనుండి లేతాకును కాచుటకు అది తోడ్పడునని వృక్షశాస్త్రజ్ఞుల యభిప్రాయము. వేప మార్చి నెలలో ఆకురాల్చి, చిగిర్చి, పూయును. వానచుక్క లేక నేల బీటలు వారుచుండగా ఈ చెట్లకు చిగురు ఎట్లు వచ్చినదని ఆశ్చర్యము కలుగును. వాని వేళ్ళు లోతున నున్న తడిని అందుకొనును. అంతేకాక, వానకు ముందే ఆకు సిద్ధమైనచో, తొలకరితోడనే విత్తనము పడి మొలచుటకు అదను దొరకును. వేపపండు రాలునది జూన్, జూలై నెలలలో, నేల తడిసిన పిమ్మటనే గదా! వసంతపు చిగురు రాబోవు వానకు చెట్టు చేసికొను ఏర్పాటని మేము తలంతుము.

కోకిల సంగతియు ఇట్టిదే. చలికాలమున కోకిల కనబడదని, వసంతమున ఎచ్చటినుండియో వచ్చునని చాలమంది భావింతురు. అది ఎచ్చటికిని పోదు. మౌనముగా నుండును, అంతే. ఫిబ్రవరి, మార్చి నెలలలో గొంతు సవరించుకొని, ఎండ ముదిరిన కొలది స్వరము హెచ్చించును. కూయునది నల్లని మగపక్షి. ఆడుపక్షి గోధుమవన్నెపై తెల్లని చుక్కలు గలది. కోకిల తన గ్రుడ్లను కాకిగూటిలో పెట్టునని మనమెరిగినదే. కాకి గూడు కట్టుకొనునది వేసవిలో. కనుక కోకిల మామిడిచిగురు కొరకు కాదు, కాకిగూటి కొరకు కూయుచున్నది! కట్టమీది తుమ్మపై కాకి పుల్లలు మోయుటను, కోకిల కూతలు హెచ్చుటను పక్కపక్కన వ్రాసికొనినచో ఈ సంబంధము ఎవరికైనను గోచరించును.

ఏప్రిల్, మే నెలలలో చెరువు రోజురోజునకు వెనుకకు తగ్గును. తూముకంబముపై గీతలు గీసికొని నీటిమట్టమును చూచుచుండవలెను. మే నెల ఎండలో దినమునకు ఏడెనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరియగుట అరుదు కాదు. పొలమునకు ఒక్క బొట్టు విడువకున్నను నెలకు ఒక జానెడు నీరు ఆకాశమునకు చెల్లింపవలసినదే. నీరు తగ్గిన మట్టిపై కొంగలు, నారాయణపక్షులు బారులు తీరును. తగ్గిన నీటిలో చేప దాగజాలదు. శిఖములో గులకరాళ్ళ నడుమ తీతువుపిట్ట గూడు లేకయే గ్రుడ్లు పెట్టును. మనము సమీపించినచో అరచి తలపై తిరుగును. మండుటెండలో అది నీటికి పోయి రొమ్ము ఈకలు తడుపుకొని వచ్చి గ్రుడ్లమీద కూర్చుండును. గ్రుడ్లను వెచ్చబెట్టుట కాదు, చల్లబరచుట అప్పటి అవసరము. అదే దినములలో రేల చెట్టు పసుపుగుత్తులు వ్రేలాడదీయును; తాటిముంజలు అంగడికి వచ్చును; కానుగ నీడన రాలిన పూలు పేలాలు చల్లినట్లుండును. రోహిణి ఎండలకు రోళ్ళు పగులునని పెద్దలు చెప్పిన కాలము ఇది.

నైరుతి ఋతుపవనము కేరళ తీరమును తాకుటకు సాధారణ దినము జూన్ 1. మా చెరువునకు అది రెండవ వారమున చేరును; కొన్ని ఏండ్లు ముందుగ, కొన్ని ఏండ్లు చాల ఆలస్యముగ. దాని రాకకు మొదటి గుర్తు వాన కాదు, గాలి. పడమటి గాలి నిలకడగా వీచి, చెరువులోని అలలు వచ్చి మేము నిలిచిన తూర్పుకట్టను కొట్టును. కట్ట లోపలి ముఖమునకు రాళ్ళు పేర్చిన పెద్దల యుద్దేశము అప్పుడు అర్థమగును. కార్తికము నాటికి గాలి తిరిగి తూర్పునుండి వీచుటచే అలలు అవతలి ఒడ్డునకు పోవును. చెరువు నీటిపై అల ఏ ఒడ్డును కొట్టుచున్నదో చూచి ఏ కాలమో చెప్పవచ్చును.

తొలకరి పడిన రాత్రి ఉసిళ్ళు రెక్కలు తొడిగికొని పుట్టలనుండి లేచును. బోదురుకప్పల మగవి ఆ ఒక్క కాలమున పసుపువన్నె దాల్చి, నీటి గుంటల అంచున కూర్చుండి బెకబెకలాడును. ఎఱ్ఱని ముఖమల్ గుడ్డతో కుట్టినట్లుండు ఆరుద్రపురుగు తడినేలపై ప్రాకును. పురుగని పేరేగాని దానికి ఎనిమిది కాళ్ళు. అది సాలీడు, తేలు జాతికి చుట్టము. సంవత్సరమున అధికభాగము నేలలోనే యుండి, నేల చక్కగా తడిసినప్పుడు మాత్రమే వెలికి వచ్చును. గిజిగాడు ఈతమట్టలకు గూడు అల్లుట మొదలిడును. పొడుగైన పచ్చగడ్డి పోచలు దొరకనిదే ఆ గూడు అల్లుట సాధ్యము కాదు గనుక వానకు ముందు గిజిగాడు పని ముట్టడు. గూళ్ళు తరచు చెట్టునకు తూర్పువైపుననే వ్రేలాడుట చూడదగినది. పడమటి గాలివాన దెబ్బ ఆ పక్క తక్కువ. పశువుల వెంట తిరుగు తెల్లకొంగ తలయు మెడయు కాషాయపు చాయకు మారుటయు ఈ దినములలోనే.

భాద్రపదము దాటునప్పటికి వాన వెనుకబడును. అలుగు పారి నిలిచిన చెరువులో ఎఱ్ఱనీరు మెల్లగా తేరుకొనును. అగస్త్యుడు ఉదయించిన నీరు నిర్మలమగునని పూర్వులు చెప్పుట ఇందుకే. తెల్లవారుజామున దక్షిణాకాశమున ఆ తెల్లని నక్షత్రము కనబడుటయు, వాగుల వరద తగ్గి ఒండ్రు అడుగునకు దిగుటయు ఒకే కాలమున జరుగును. నక్షత్రము నీటిని తేర్చుట లేదు, రెండును ఋతువునకు గుర్తులు. మెట్టమీద తంగేడు, గునుగు విరియబూయును. బతుకమ్మ పేర్చు ఆడుపిల్లలకు అవి ఎచ్చట పూసినవో శాస్త్రజ్ఞులకంటె ముందు తెలియును.

ఆ నాళ్ళలో పొలములమీద తూనీగలు గుంపులుగా తేలియాడుట మనమెల్లరము చూచినదే. వానిలో పసుపుజాతి తూనీగ సామాన్యమైనది కాదు. భారతదేశమునుండి మాల్దీవుల మీదుగా హిందూమహాసముద్రమును దాటి ఇవి తూర్పు ఆఫ్రికాకు పోవుచున్నవని చార్లెస్ ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు 2009లో ప్రతిపాదించెను. ఆయన ఆ యూహకు వచ్చినది గొప్ప యంత్రములతో కాదు. మాల్దీవులలో నివసించుచు, మంచినీటి చెరువులు లేని ఆ దీవులకు ఏటేట అక్టోబరు ప్రాంతమున తూనీగలు ఎందుకు వచ్చుచున్నవని ప్రశ్నించి, వచ్చిన తేదులను ఏండ్ల తరబడి వ్రాసికొనుట వలన. ఒకచోట నిలిచి చూచుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

సెప్టెంబరునుండి ఉత్తరపు అతిథులు దిగుదురు. తోకను క్రిందికి మీదికి ఊపుచు ఒడ్డున పరుగిడు చిన్నపిట్ట ముందుగా వచ్చును. చీలిన తోకగల పిట్టలు కరెంటు తీగెలపై వరుసగా కూర్చుండును. అక్టోబరు, నవంబరు నెలలలో బాతులు వచ్చును. తలపై రెండు నల్లని చారలుగల పెద్దబాతులు కొన్ని చెరువులకు అప్పుడప్పుడు వచ్చుచుండును. అవి టిబెట్టు, మంగోలియా ప్రాంతముల పక్షులు, హిమాలయములను దాటి వచ్చినవి. మార్గశిర పుష్యములలో తెల్లవారునప్పుడు చెరువు పొగలు గ్రక్కుచున్నట్లుండును. రాత్రి గాలి చల్లబడినంత త్వరగా నీరు చల్లబడదు. వెచ్చని నీటినుండి లేచిన ఆవిరి చల్లగాలిలో మంచు బిందువులగుటయే ఆ పొగ. తూర్పున కందిపూవు, కోసిన వరి పనలు. అంగడిలో తేగలు, రేగుపండ్లు. పిమ్మట మరల మాఘము, మోదుగుపూవు. ఒక చుట్టు తిరిగినది.

చూచుట యొకటి; వ్రాయుట మరియొకటి. వ్రాయకున్నచో చూచినది నిలువదు. జ్ఞాపకము మంచి మిత్రమే గాని మంచి గుమాస్తా కాదు; పెద్దవానను ఉంచుకొని చిన్నవానలను పారవేయును. కనుక ఒక నోటుపుస్తకము కావలెను. అందు తేది, వేళ, గాలిదిక్కు, నీటిమట్టము, చెట్ల స్థితి, కనబడిన పక్షులు వ్రాయవలెను. కంట చూచినదానిని, ఒకరివలన విన్నదానిని వేరువేరుగ వ్రాయవలెను. కనబడనిదానిని సైతము 'లేదు' అని వ్రాయవలెను. ఇది మిక్కిలి ముఖ్యము. మొదట వచ్చిన బాతును అందరును గమనింతురు. చివర పోయిన బాతును ఎవరును గమనింపరు. అదియే చివరిదని ఆనాడు తెలియదు గదా! వారము వారము 'ఉన్నవి', 'ఉన్నవి', 'లేవు' అని వ్రాసికొనిన పుస్తకమే ఆ తేదిని చెప్పగలదు.

ఏ తేదిని వ్రాయవలెనను ప్రశ్న కలదు. తిథులను మాత్రమే వ్రాసినచో చిక్కు. చాంద్రమాన సంవత్సరము 354 దినములు. సౌరమానమునకు 11 దినములు తక్కువ. అధికమాసముతో దానిని సరిదిద్దుదురు. అందుచే ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చినది. వేప 'ఉగాదికి ముందే పూసినది' అని ఒక ఏడు, 'ఉగాది దాటి పూసినది' అని మరియొక ఏడు వ్రాసినచో, మారినది వేపయో ఉగాదియో తెలియదు. కార్తెలు సూర్యుని బట్టి లెక్కించునవి గనుక వ్యవసాయమునకు పెద్దలు వానిని పట్టుకొనిరి. మృగశిర ఏటేట జూన్ 8 ప్రాంతముననే వచ్చును.

అయినను కార్తెయు శాశ్వతము కాదు. కార్తె నక్షత్రములను బట్టి నడచును. ఋతువు సూర్యుని ఉత్తర దక్షిణ గమనమును బట్టి నడచును. భూమి అక్షము మెల్లగా తిరుగుటచే ఈ రెండింటికిని నడుమ సుమారు 71 ఏండ్లకు ఒక దినము భేదము కలుగును. వేయేండ్లకు అది 14 దినములు, అనగా ఒక కార్తె. మృగశిర వేయేండ్ల క్రిందట నేటి రోహిణి ఆరంభకాలమున, వానలకు రెండువారములు ముందు, వచ్చియుండవలెను. సంక్రాంతికిని నిజమైన ఉత్తరాయణమునకును నేడు 23 దినముల ఎడముండుటకు కారణమును ఇదియే. కాబట్టి కార్తె సామెతలు నేటి రూపమున అంత ప్రాచీనములు కావనియో, మన పెద్దలు కాలము చూచి వానిని సవరించుకొనిరనియో ఊహింపవలెను. రెండవదే నిజమైనచో అది వారికి గౌరవము. వారు పంచాంగమునకు కాక పొలమునకు విధేయులైరి. కార్తెను వ్రాయుడు, తిథిని వ్రాయుడు, ఇంగ్లీషు తేదిని తప్పక వ్రాయుడు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. సూచన వేరు, జోస్యము వేరు. ఆరుద్రపురుగు కనబడినచో నేల తడిసినదని అర్థము. ఇకముందు వాన కురియునని అర్థము కాదు. ఈ భేదము తెలియక నష్టపడువారు రైతులే. మెట్టనేలలో తొలిజల్లును నమ్మి పత్తివిత్తనము వేసి, తరువాత రెండువారములు వాన మొగము చాటు చేసినచో, మొలక మాడి మరల విత్తనము కొనవలసివచ్చును. 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల లోతుగా తడిసిన పిమ్మటనే విత్తుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుట అందుకే. ఒక డబ్బాను ఆరుబయట పెట్టి పడిన వానను కొలిచి వ్రాసికొను రైతునకు ఈ సలహా చేతిలోనిది. 'వాన బాగుగనే పడినది' అనుకొను రైతునకు అది రేడియోలోని మాట.

దీర్ఘకాలము వ్రాసిన లెక్కకు గల విలువ చూడుడు. జపానులోని క్యోటో నగరమున చెర్రీపూలు నిండుగా పూసిన దినములు 9వ శతాబ్దినుండి దినచర్యలలో, రాజాస్థానపు వ్రాతలలో నిలిచియున్నవి. 2021లో ఆ పూలు మార్చి 26 నాటికే నిండుగా పూసినవి. 1,200 ఏండ్ల ఆ జాబితాలో అంతకు ముందెన్నడును అంత త్వరగా పూసినట్లు లేదు. పూలపండుగ చేసికొన్నవారు వ్రాసిన చిన్నమాటలు నేడు భూమి వేడెక్కుచున్నదనుటకు సాక్ష్యములైనవి. ఇంగ్లాండులో రాబర్ట్ మార్షమ్ అను భూస్వామి 1736లో తన తోటలో తొలిపూవును, తొలిచిగురును వ్రాయ మొదలిడగా, ఆయన వంశీయులు 1958 వరకు ఆ పని సాగించిరి. మన దేశమునను 'సీజన్‌వాచ్' అను పేర విద్యార్థులును పౌరులును ఒక్కొక్క చెట్టును ఎన్నుకొని, వారము వారము దాని ఆకు, పూవు, కాయలను చూచి నమోదు చేయుచున్నారు.

మన తెలుగునేల సంగతి వేరుగ చెప్పవలసియున్నది. తెలంగాణలో వానలో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు పడును. నెల్లూరు సీమలో అధికభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వలన పడును. ఒకచోట చెరువు నిండి అలుగు పారుచుండగా మరియొకచోట నేల ఇంకను ఎదురుచూచుచుండును. పుస్తకములోని ఆరు ఋతువులు రెండింటికిని సరిగా అమరవు. వైశాఖము వసంతమని పుస్తకము చెప్పును. మన ఊళ్ళలో అది నడివేసవి. ఆషాఢము గ్రీష్మమని చెప్పును. ఆ నాటికి మన పొలములలో నాగళ్ళు, ట్రాక్టర్లు తిరుగుచుండును. పుస్తకమును తప్పుపట్ట నక్కరలేదు. అది సమస్త దేశమునకు వ్రాసినది. మీ ఊరికి వ్రాయవలసిన పుస్తకము మాత్రము మీరే వ్రాయవలెను. మరియొకరు వ్రాయలేరు.

2015లో చెరువుల పూడిక తీయుటకు మిషన్ కాకతీయ ఆరంభించినప్పుడు తెలంగాణలో లెక్కకు వచ్చిన చెరువులు 46 వేలకు పైగా నుండెను. ప్రతి చెరువునకును ఒక కట్ట, ఒక తూము, దాపున ఒక వేపయో రావియో ఉండును. 'మా చిన్ననాట వేప ఇంత త్వరగా పూసెడిది కాదు' అని ప్రతి ఊరను ఒక ముసలివారు చెప్పుచుందురు. ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. చూపించుటకు వ్రాత లేదు. ఇరువది ఏండ్ల తరువాత నేటి బాలురు అదే మాట చెప్పునప్పుడైనను వారి చేతిలో ఒక పుస్తకముండవలెనని మా కోరిక. ఖర్చు ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు. కాలము వారమునకు అరగంట. ఉపాధ్యాయులు తమ బడిలో ఐదవ తరగతి పిల్లలకు ఒక చెట్టును అప్పగించి, ఆ తరగతి పై తరగతికి పోవునప్పుడు పుస్తకమును వెనుకవచ్చు పిల్లల కప్పగించినచో, చూచువారు మారినను చోటు మారదు. రాబోవు ఆదివారము ఉదయము సూర్యుడు మీ ఊర ఏ చెట్టు వెనుకనుండి పొడిచెనో మొదటి పంక్తిగా వ్రాయుడు.